పేరు అడిగినవాళ్ళు

మంత్రగత్తెలన్న నెపంతో ఆడవాళ్ళను చంపిన చరిత్ర ప్రస్తావనకు రాగానే మన నోటికి ముందుగా వచ్చే మాట సామూహిక ఉన్మాదం. ఊరంతా ఒక్కసారిగా వెర్రెత్తిపోయింది, ఆ వెర్రిలో చేయరానిది చేసింది, తర్వాత తెలివొచ్చి విచారించింది అని చెప్పుకుంటాం. 1692 నాటి సేలం గురించి చాలామంది ఇలాగే రాశారు. ఝార్ఖండ్ పల్లెలో నిన్నగాక మొన్న జరిగిన హత్య గురించి పత్రికలూ ఇలాగే రాస్తాయి. ఈ వివరణలో ఒక సౌకర్యం ఉంది. వెర్రివాడు చేసిన పనికి బాధ్యత ఎవరిమీదా పడదు. అందుకే దీన్ని కొంచెం అనుమానంగా చూడాలంటాను. మూర్ఛలు నిజం, వణుకులు నిజం, కేకలు నిజం. ఒకరిని చూసి ఒకరికి అవి అంటుకోవడమూ నిజం. అయితే వాటివల్ల పక్కింటి మనిషి చావదు. ఆ మూర్ఛలను చూసి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగి, పేరు వచ్చేదాకా వదలకుండా, వచ్చిన పేరు మీద తీర్పు చెప్పినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు ఒళ్ళు తెలియనివాళ్ళు కారు. కుర్చీలో కూర్చుని, సాక్ష్యం రాసుకుని, సంతకం పెట్టినవాళ్ళు. మన దగ్గరైతే రచ్చకట్ట మీద కూర్చుని, జరిమానా ఎంతో లెక్కగట్టినవాళ్ళు.

సేలంతోనే మొదలుపెడదాం. అక్కడ కాగితాలు భద్రంగా మిగిలాయి కాబట్టి ఏ రోజు ఏం జరిగిందో చూడవచ్చు. మసాచుసెట్స్ అప్పుడు ఇంగ్లండు ఏలుబడిలోని వలస. సేలం గ్రామంలో శామ్యూల్ పారిస్ అనే మతబోధకుడి ఇంట్లో 1692 జనవరిలో ఇద్దరు ఆడపిల్లలకు జబ్బు చేసింది. ఒకరు ఆయన కూతురు బెట్టీ, 9 ఏళ్ళు. రెండోది ఆ ఇంట్లోనే ఉంటున్న బంధువుల పిల్ల అబిగైల్ విలియమ్స్, 11 ఏళ్ళు. ఒళ్ళు మెలికలు తిరగడం, అర్థంకాని మాటలు, ఎవరో గిల్లుతున్నట్టు అరుపులు. ప్రార్థనలు చేశారు, ఉపవాసాలున్నారు. చివరికి ఊరి వైద్యుడు ఇది దుష్టశక్తి పని అన్నాడు. గమనించవలసింది ఏమిటంటే, జబ్బు మొదలైన నెల దాకా పిల్లలు ఎవరి పేరూ చెప్పలేదు. పెద్దలు అడగగా అడగగా ఫిబ్రవరి చివర్లో పేర్లు వచ్చాయి. వచ్చిన మూడు పేర్లు చూడండి. టిట్యూబా, ఆ ఇంట్లోని బానిస స్త్రీ. సారా గుడ్, చంటిపిల్లతో ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే మనిషి. సారా ఆస్బోర్న్, మంచాన పడ్డ మనిషి. ఈమె మొదటి భర్త ఆస్తిని కొడుకులకు వదలకుండా రెండో పెళ్ళి చేసుకుందన్న తగాదా ఉంది. ఆ తగాదాలో అవతలి పక్షం పుట్నం కుటుంబం. ఫిబ్రవరి 29న మేజిస్ట్రేట్ల దగ్గరకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది మూర్ఛలొచ్చిన పిల్లలు కారు. నలుగురు పెద్దమనుషులు. వారిలో ఇద్దరు పుట్నంలు. ఆస్బోర్న్ మే నెలలో జైల్లోనే చనిపోయింది.

తర్వాత గవర్నరు విలియం ఫిప్స్ ప్రత్యేక కోర్టు వేశాడు. విలియం స్టౌటన్ ప్రధాన న్యాయమూర్తి. ఆ కోర్టు ఒక చిత్రమైన సాక్ష్యాన్ని అంగీకరించింది. ఫలానా ఆమె నీడ, ఆమె ఆకారం నా దగ్గరకు వచ్చి నన్ను గిల్లింది అని బాధితురాలు చెబితే, అది ఆమె మీద సాక్ష్యం. ఆ సమయానికి ఆమె తన ఇంట్లో నిద్రపోతున్నదని పదిమంది చెప్పినా లాభం లేదు, ఎందుకంటే వచ్చింది శరీరం కాదు కదా. అబద్ధమని నిరూపించడానికి దారే లేని సాక్ష్యం అది. దానికి తోడు, నేరం ఒప్పుకున్నవాళ్ళను బతకనిచ్చి, ఒప్పుకోనివాళ్ళను ఉరితీశారు. రెబెకా నర్స్ అనే 71 ఏళ్ళ వృద్ధురాలిని జ్యూరీ మొదట నిర్దోషి అంది. మళ్ళీ ఆలోచించుకోమని న్యాయమూర్తులు వెనక్కి పంపారు. రెండోసారి దోషి అంది. జూలై 19న ఆమెను ఉరితీశారు. మొత్తం 19 మందిని ఉరితీశారు, వారిలో 14 మంది ఆడవాళ్ళు. విచారణకు ఒప్పుకోని గైల్స్ కోరీ అనే వృద్ధుణ్ణి ఛాతీ మీద బండలు పేర్చి చంపారు. అక్టోబరులో ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. 1693 జనవరిలో కొత్త కోర్టు కూర్చుంది. చాలామంది న్యాయమూర్తులు పాతవాళ్ళే. మారింది ఒక్కటే, ఆ నీడల సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోవద్దన్నారు. విచారణకు వచ్చిన యాభై మందికి పైగా నిందితుల్లో ముగ్గురికే శిక్ష పడింది. ఆ ముగ్గురి ఉరినీ గవర్నరు ఆపేశాడు. ఊరికి వెర్రి తగ్గడం వల్ల చావులు ఆగాయనుకుంటే ఈ లెక్క కుదరదు. సాక్ష్యం రూలు మారింది, చావులు ఆగాయి.

ఇది ఒక్క సేలం మాటే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. అదే 1692లో, పక్కనే ఉన్న కనెక్టికట్ వలసలో, స్టాంఫర్డ్ అనే ఊళ్ళో కేథరిన్ బ్రాంచ్ అనే 17 ఏళ్ళ పనిపిల్లకు సరిగ్గా ఇలాంటి మూర్ఛలే వచ్చాయి. ఆమె కూడా ఇరుగుపొరుగు ఆడవాళ్ళ పేర్లు చెప్పింది. అక్కడివాళ్ళదీ అదే మతం, అదే బైబిలు, దెయ్యం మీద అదే నమ్మకం. మంత్రగత్తెకు మరణశిక్ష అన్న చట్టం అక్కడా ఉంది. అయినా అక్కడి మేజిస్ట్రేట్లు తొందరపడలేదు. పిల్లను గమనించమన్నారు. ఆమె నాటకమాడుతోందని అనుకున్న పొరుగువాళ్ళ మాట కూడా రాసుకున్నారు. ఎలిజబెత్ క్లాసన్ అనే నిందితురాలు మంచి మనిషని డెబ్భైమందికి పైగా ఊరివాళ్ళు సంతకాలు పెట్టారు. కోర్టు మతబోధకుల సలహా అడిగితే, నిందితురాలిని నీళ్ళలో వేసి పరీక్షించడం తప్పనీ, మూర్ఛలొచ్చిన పిల్ల మాట ఒక్కటే పట్టుకుని నడవడం క్షేమం కాదనీ వాళ్ళు చెప్పారు. చివరికి క్లాసన్ విడుదలైంది. మెర్సీ డిస్‌బరో అనే ఇంకొకామెకు శిక్షపడినా, పై అధికారులు దాన్ని రద్దుచేశారు. ఒక్కరూ చావలేదు. సేలం మీద వచ్చినట్టు ఈ కథ మీద సినిమాలు, నాటకాలు రాలేదు. చావులు లేని చోటు మనకు జ్ఞాపకం ఉండదు. అందువల్లనే మూర్ఛ వస్తే చావు తప్పదన్నట్టు మనసులో ముద్రపడిపోయింది.

ఇంతకన్నా పెద్ద దృష్టాంతం స్పెయిన్‌లో ఉంది. మతవిచారణ సంస్థ అనగానే మనకు గుర్తొచ్చేది చిత్రహింసలు, సజీవ దహనాలు. అందులో అబద్ధం లేదు. 1610 నవంబరులో లొగ్రోనో పట్టణంలో ఆ సంస్థ ఆరుగురిని మంత్రగాళ్ళన్న పేరుతో బతికుండగా కాల్చింది. మరో ఐదుగురి బొమ్మలను కాల్చింది. ఆ విచారణలో ముగ్గురు అధికారులు. అందరికన్నా వెనక చేరినవాడు అలోన్సో దె సలజార్ ఫ్రియాస్. మిగతా ఇద్దరితో ఆయనకు అభిప్రాయం కలవలేదు. 1611లో పల్లెలు తిరిగి స్వయంగా విచారించడానికి బయలుదేరాడు. క్షమాభిక్ష దొరుకుతుందని తెలిసి 1802 మంది వచ్చి మేము మంత్రగాళ్ళమే అని ఒప్పుకున్నారు. వారిలో 1384 మంది పిల్లలు. సామూహిక ఉన్మాదం అన్న మాటకు ఇంతకన్నా తగిన సందర్భం ఉండదు. సలజార్ ఏం చేశాడంటే, వాళ్ళు చెప్పిన ప్రతిదాన్నీ పరీక్షకు పెట్టాడు. మంత్రపు లేపనమని తెచ్చి ఇచ్చిన కుండల్లోది జంతువులకు తినిపించి చూశాడు. ఏమీ కాలేదు. మంత్రగాళ్ళ జాతర జరుగుతుందన్న చోటికి, జరుగుతుందన్న రాత్రే తన గుమాస్తాలను పంపాడు. అక్కడ ఎవరూ రాలేదు. ఈ విషయం గురించి మాట్లాడటం, రాయడం మొదలయ్యేదాకా ఆ ప్రాంతంలో మంత్రగాళ్ళూ లేరు, వాళ్ళ బారిన పడ్డవాళ్ళూ లేరు అన్నది ఆయన నివేదిక సారాంశం. 1614లో పై మండలి ఆయన మాట విని, సాక్ష్యం గురించి కఠినమైన నియమాలు పెట్టింది. అక్కడ దహనాలు దాదాపు ఆగిపోయాయి. ఆ తర్వాత పదిహేనేళ్ళు తిరక్కముందే జర్మనీలోని బాంబెర్గ్‌లో, వుర్జ్‌బర్గ్‌లో వందలమందిని కాల్చారు. స్పెయిన్ జనం జర్మన్ జనం కన్నా తెలివైనవాళ్ళు కాబట్టి ఇలా జరిగిందని ఎవరూ అనలేరు.

మూర్ఛ సంగతికి వస్తే, దానికోసం సముద్రాలు దాటి పోనక్కర్లేదు. పూనకం మనకు తెలియనిది కాదు. బోనాల రోజుల్లో అమ్మవారు పూనిన ఆడవాళ్ళు ఒళ్ళు విరుచుకుని ఊగుతారు, గొంతు మారుతుంది, ఒకరిని చూసి ఇంకొకరు ఊగుతారు. లష్కర్ బోనాల మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుళ్ళో రంగం చెప్పే స్త్రీ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి వినిపిస్తుంటే వేలమంది చేతులు జోడించి వింటారు. వానలు పడతాయా, పంటలు పండుతాయా, నాకు సరిగా పూజలు చేస్తున్నారా అనే మాటలే అక్కడ నడుస్తాయి. వైద్యుడి కళ్ళతో చూస్తే ఆ శరీరంలో జరిగేదానికీ సేలం పిల్ల శరీరంలో జరిగినదానికీ ఎంత తేడా ఉందో నేను చెప్పలేను గానీ, చుట్టూ నిలబడ్డవాళ్ళు అడిగే ప్రశ్నలో మాత్రం భూమ్యాకాశాల తేడా ఉంది. పొరుగుమనిషి పేరు చెప్పమని అక్కడ ఎవరూ అడగరు. 1962లో టాంగన్యీకాలోని కషాషా అనే ఊళ్ళో ఆడపిల్లల బోర్డింగు బడిలో నవ్వు అంటువ్యాధిలా పాకింది. 159 మంది పిల్లల్లో 95 మందికి సోకి, బడి మూసెయ్యాల్సి వచ్చింది. 2011, 2012 సంవత్సరాల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే ఊళ్ళో హైస్కూలు ఆడపిల్లలకు వరసగా కండరాలు ఎగరడం, తల విదిలించడం మొదలైంది. మనసులోని ఒత్తిడి ఒంటిమీదకు దిగిందని డాక్టర్లు అన్నారు. తల్లిదండ్రులు కొందరు ఆ మాట నమ్మక, 1970లో రైలు పట్టాలు తప్పి ఒలికిన రసాయనాల వల్లనేమో అని మట్టి పరీక్షలు అడిగారు. వాళ్ళ అనుమానం తప్పే కావచ్చు. కానీ "ఏమయింది?" అని అడిగినంతకాలం మట్టిని తవ్వుతారు, "ఎవరు?" అని అడిగినప్పుడు గొయ్యి తవ్వుతారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. సేలం న్యాయమూర్తులు కూడా దెయ్యాలను నమ్మినవాళ్ళే కదా, వాళ్ళూ ఆ భయంలో మునిగినవాళ్ళే కదా, వాళ్ళను మాత్రం స్థిమితంగా ఉన్నారని ఎలా అంటారు? నమ్మారు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే కనెక్టికట్ మేజిస్ట్రేట్లు కూడా నమ్మారు, డిస్‌బరో శిక్షను ఆపినవాళ్ళూ నమ్మారు. నమ్మకం అందరికీ ఒకటే అయినప్పుడు, ఒకచోట 19 ఉరులు, ఒకచోట సున్నా ఎందుకయ్యాయో నమ్మకంతో తేల్చలేం. దీని వెనకే ఇంకో వాదన వస్తుంది, చదువు లేకపోవడమే దీనికంతటికీ మూలమని. స్టౌటన్ హార్వర్డులో చదివినవాడు. తోటి న్యాయమూర్తి శామ్యూల్ సీవాల్ కూడా అక్కడే చదివాడు. మంత్రగత్తెలను పట్టడం ఎలాగో 1480ల్లో లావుపాటి పుస్తకం రాసిన హైన్రిక్ క్రేమర్ లాటిన్‌లో పండితుడు. చదువు నమ్మకాన్ని తగ్గిస్తుందేమో గానీ, ఒక్కోసారి నమ్మకానికి ఫైలు కట్టి, సీలు వేసి ఇస్తుంది కూడా. సేలంలో తర్వాత ఏమయిందో చూడండి. 1697లో, న్యాయమూర్తుల్లో సీవాల్ ఒక్కడు చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, ఆ తప్పు నాది అని చదివించాడు. 1706లో, మూర్ఛలొచ్చి పన్నెండేళ్ళ వయసులో సాక్ష్యాలు చెప్పిన ఆన్ పుట్నం కూడా క్షమాపణ చెప్పింది. స్టౌటన్ చెప్పలేదు. వలసకు తాత్కాలిక గవర్నరుగా ఏళ్ళ తరబడి ఉండి, 1701లో పదవిలో ఉండగానే పోయాడు. మూర్ఛలొచ్చిన పిల్ల తలవంచింది, తీర్పు చెప్పిన పెద్దమనిషి వంచలేదు. ఉన్మాదం అన్న వివరణ ఎవరికి పనికొచ్చిందో ఇక్కడ కనిపిస్తుంది.

మన దేశానికి వద్దాం. ఝార్ఖండ్, బిహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, అస్సాం రాష్ట్రాల్లో ఇది గతచరిత్ర కాదు. జాతీయ నేర గణాంకాల్లో మంత్రవిద్య అనుమానం హత్యకు కారణంగా నమోదైన కేసులను కూడితే, 2000 నుంచి 2016 దాకా చనిపోయినవాళ్ళు 2500 మందికి పైగా తేలారు. కొట్టి, బట్టలు విప్పి ఊరేగించి, మలమూత్రాలు తాగించి, ఊరినుంచి వెళ్ళగొట్టిన బాధితులు ఈ లెక్కలోకి రారు. జరిగే తీరు దాదాపు ఒకే వరసలో ఉంటుంది. ఒక బిడ్డకు జ్వరం వస్తుంది, లేదా పశువు చస్తుంది. ఆసుపత్రి దూరం. ఓఝా అనే భూతవైద్యుడి దగ్గరకో, సంతాలు గిరిజనుల్లోనైతే జాన్‌గురు దగ్గరకో వెళతారు. ఆయన డబ్బు తీసుకుని, ఆకులు, నూనె, బియ్యం చూసి, ఫలానా దిక్కున ఉన్న ఇంటి ఆడమనిషి అంటాడు. సభ కూర్చుంటుంది, జరిమానా వేస్తుంది. చంపడం చాలాసార్లు ఆఖరి మెట్టు. దానికి ముందు రోజులు, నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడుస్తాయి. ఝార్ఖండ్‌లోని సరాయికేలా ప్రాంతపు ఛుట్నీ మహతో మీద 1995లో ఇలాగే, పొరుగింటి పిల్లకు జబ్బు చేస్తే నింద వేశారు, జరిమానా కట్టించారు. కట్టిన తర్వాత కూడా వదల్లేదు. ఆమె తప్పించుకుని బతికి, తనలాంటి ఆడవాళ్ళకు అండగా నిలిచింది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఉన్మాదం అయితే ఇన్ని అంచెలు ఉండవు. రసీదు ఒక్కటే తక్కువ.

గుంపు మీదపడి చంపిన సంఘటనలు లేవా అంటే ఉన్నాయి. 2015 ఆగస్టులో రాంచీకి దగ్గర్లో మాండర్ బ్లాకు పల్లెలో ఒక్క రాత్రిలో ఐదుగురు ఆడవాళ్ళను ఇళ్ళలోంచి ఈడ్చుకొచ్చి చంపారు. పదుల సంఖ్యలో అరెస్టులయ్యాయి. అది గుంపే. అయితే ఆ గుంపు దొరికిన ఇల్లల్లా కొట్టలేదు. తట్టవలసిన తలుపులేవో తెలిసే బయలుదేరింది. ఆ పేర్ల జాబితా ఆ రాత్రి పుట్టింది కాదు. పేర్లు ఎలా పడతాయన్నది గోవింద్ కేల్కర్, దేవ్ నాథన్ లాంటి పరిశోధకులు చాలా ఏళ్ళుగా పరిశీలిస్తున్నారు. సంతాలు ఆచారంలో కొడుకులు లేని విధవకు భర్త భూమి మీద బతికున్నంతకాలం హక్కు ఉంటుంది. ఆమె పోయాక అది భర్త తరఫు మగవారసులకు చేరుతుంది. ఆమె ఎనభై ఏళ్ళు బతికితే వాళ్ళు అన్నాళ్ళూ ఆగాలి. మంత్రగత్తె అన్న ముద్ర పడితే ఆగనక్కర్లేదు. సేలం వైపు కూడా, కెరోల్ కార్ల్‌సన్ అనే చరిత్రకారిణి సేలం, కనెక్టికట్ ఉన్న న్యూ ఇంగ్లండు ప్రాంతపు కేసులన్నీ తిరగేసి, అన్నదమ్ములో కొడుకులో లేక ఆస్తి తమ చేతికి వచ్చిన, లేదా రాబోయే ఆడవాళ్ళే నిందితుల్లో ఎక్కువమంది అని చూపించింది.

టాంజానియాలో ఎడ్వర్డ్ మిగెల్ అనే అర్థశాస్త్రజ్ఞుడు మెయాటు జిల్లాలో చేసిన పని ఈ విషయంలో నాకు అన్నిటికన్నా కలవరం కలిగించింది. ఆయన వానల లెక్కనూ హత్యల లెక్కనూ పక్కపక్కన పెట్టాడు. కరువో వరదో వచ్చిన ఏడాది మంత్రగత్తె పేరుతో జరిగే హత్యలు మామూలు ఏడాదికి రెట్టింపు అవుతున్నాయి. మిగతా రకాల హత్యలు అలా పెరగడం లేదు. చనిపోయేది ఎక్కువగా ముసలి ఆడవాళ్ళు, పేద ఇళ్ళవాళ్ళు. చంపేది చాలాసార్లు సొంత బంధువులే. ఊరికి నిజంగా మతి చలిస్తే కొట్లాటలు పెరగాలి, తాగుడు హత్యలు పెరగాలి, అన్నీ పెరగాలి. ఇక్కడ పెరిగింది ఒక్కటే, తిండి తగ్గిన ఇంట్లో పళ్ళెం తగ్గించే హత్య. దీన్ని ఉన్మాదం అని పిలవడానికి నాకు నోరు రాదు. చంపినవాళ్ళు ఆమెను మంత్రగత్తె అని నిజంగా నమ్మి ఉండరు అని నేననడం లేదు. నమ్మే ఉంటారు. గడవని రోజుల్లో మనిషి తనకు అక్కరకొచ్చేదాన్ని చాలా చిత్తశుద్ధితో నమ్మగలడు.

ప్రతిచోటా భూమే కారణమా అని అడిగితే, కాదు. గజం భూమి లేనివాళ్ళనూ చంపారు. పాత పగ, అప్పు, పడుచు విధవ మీద కన్ను, ఊరికే నోరున్న మనిషి మీద కోపం, ఇవన్నీ పనిచేస్తాయి. కారణాలు ఎన్నైనా, వాటికి దారి ఇచ్చేది ఒక్కటే, పేరు చెబితే చాలు రుజువు అక్కర్లేదన్న ఏర్పాటు.

మన తెలుగు నేల విషయంలో మరో అభ్యంతరం తప్పకుండా వస్తుంది. తెలంగాణలో చేతబడి, బాణామతి అంటూ, విశాఖ మన్యంలో చిల్లంగి అంటూ చంపబడినవాళ్ళలో మగవాళ్ళు ఎంతమంది లేరు, దీన్ని ఆడవాళ్ళ సమస్య అనడం ఎలా కుదురుతుంది? ఈ మాటలో నిజముంది. యూరప్‌లో సుమారు 1450 నుంచి 1750 దాకా 40 వేల నుంచి 60 వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. అందులో మూడొంతులకు పైగా ఆడవాళ్ళు. కానీ ఐస్‌లాండ్‌లో దహనమైనవాళ్ళలో దాదాపు అందరూ మగవాళ్ళు, ఆడమనిషి ఒక్కతే. అక్కడ మంత్రం అంటే రాతలు గీసి, అక్షరాలు చెక్కి చేసే విద్య. విద్య కాబట్టి అనుమానం మగవాడి మీద పడింది. మన చేతబడి కూడా అంతే. దాన్ని నేర్చుకోవాలి, మంత్రం నోటితో పలకాలి. అందుకే మెదక్ ప్రాంతంలో బాణామతి చేశాడన్నవాడి పళ్ళు ఊడగొట్టేవాళ్ళు, మంత్రం సరిగా పలకకుండా ఉండాలని. క్రూరత్వంలో కూడా ఒక వ్యాకరణం ఉందన్నమాట. ఝార్ఖండ్‌లో డాయన్, అంటే మంత్రగత్తె, శక్తి ఆడదాని ఒంట్లోనే ఉంటుందనీ, ఆమె కన్నులోనే ఉంటుందనీ అనుకుంటారు. అక్కడ అనుమానం ఆడవాళ్ళ మీద పడుతుంది. 1980ల తొలినాళ్ళలో మెదక్ జిల్లాలో బాణామతి గొడవ రేగినప్పుడు మూర్ఛపోయింది, కుక్కల్లా మొరిగింది ఎక్కువగా ఆడవాళ్ళు. పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలో మగవాళ్ళు ఎందరో. ఈ విషయం నా వాదనకు అడ్డం రాదు, బలమే ఇస్తుంది. మూర్ఛ ఒకరిది, నింద మోసేది ఇంకొకరు, ఆ రెంటినీ ముడివేసే చెయ్యి మూడోవాళ్ళది. బలహీనులు ఎవరో ఆ చేతికి తెలుసు. చాలా చోట్ల వాళ్ళు ఆడవాళ్ళు, కొన్నిచోట్ల ఒంటరి ముసలివాడు, లేదా ఊరికి దూరంగా బతికే కులంవాడు.

చట్టాల సంగతి. బిహార్ 1999లో మొదట చేసింది, ఝార్ఖండ్ 2001లో దాన్నే తీసుకుంది. తర్వాత ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్, అస్సాం 2015లో చేశాయి. బిహార్ చట్టంలో ఒక మనిషిని మంత్రగత్తె అని పేరుపెట్టి చూపించడానికి శిక్ష మూడు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక మనిషి చావుకు మొదటి మెట్టు వేసినందుకు వెయ్యి రూపాయలు! అస్సాం చట్టం ఇంతకన్నా కఠినం, బెయిలు దొరకని నేరంగా పెట్టింది. దాని వెనక బీరూబాలా రాభా అనే గ్రామీణ స్త్రీ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. ఆమె కూడా పద్మశ్రీ గ్రహీత. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ప్రత్యేక చట్టం లేదు. హత్య జరిగితే హత్య కేసు పెడతారు కదా, ఇంకేం కావాలి అనేవాళ్ళున్నారు. హత్య కేసు హత్య తర్వాత వస్తుంది. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు, కొన్నిచోట్ల పోలీసు కళాబృందాలు ఊరూరా తిరిగి మంత్రాల గుట్టు విప్పి చూపిస్తున్నాయి. మంచి పనే. కానీ ఆ ప్రదర్శన మంత్రాలకు చింతకాయలు రాలవని చూపించి ఊరుకుంటుంది. నమ్మకం పూర్తిగా పోయేదాకా ఆగితే మూడు తరాలు పడుతుంది. కనెక్టికట్‌లో నమ్మకం పోలేదు, మనుషులు మాత్రం మిగిలారు.

కాబట్టి చట్టం పట్టుకోవలసిన చోటు బిడ్డ జ్వరానికీ, నింద పడే ఇంటి తలుపుకీ మధ్యనున్న దూరం. జ్వరం వచ్చిన బిడ్డను చూసే డాక్టరు మండల కేంద్రంలో ఉండి తీరాలి, ఇది మొదటిది, దీనికి చట్టం కూడా అక్కర్లేదు. ఏ పంచాయితీలోనైనా చేతబడి ప్రస్తావనతో ఒక మనిషిని నిలబెట్టారంటే, పీఠం మీద కూర్చున్న పెద్దమనుషులను, సర్పంచి అయినా కులపెద్ద అయినా, గుంపులో కలపకుండా విడిగా పేరుపేరునా ముద్దాయిలుగా పెట్టాలి. ఊరంతా కలిసి చేసిందన్న మాట పంచనామాలో చోటు చేసుకోకూడదు. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి ఆ రాత్రి నుంచే రక్షణ, ఊరు వదిలిపోతే ఆమె భూమికి తాళం, అంటే ఆ భూమి చేతులు మారకుండా రెవెన్యూ వాళ్ళ ఉత్తర్వు ఉండాలి. లాభం లేదని తెలిస్తే సగం నిందలు నోట్లోనే ఆగిపోతాయని నా అంచనా. ఇలాంటి చట్టం వస్తే సోదమ్మల మీద, భూతవైద్యుల మీద, పూనకం వచ్చేవాళ్ళ మీద, పల్లె ఆచారాలన్నిటి మీదా పోలీసులు పడతారని కొందరు భయపడుతున్నారు. ఆ భయం అర్థంలేనిది కాదు, పేదవాడి ఆచారం మీదే లాఠీ ముందు లేస్తుంది. అందుకే గీత ఒక్కచోటే గీయాలి. సోది చెప్పే ఆమె గ్రామదేవత కోపగించిందన్నా, పోయిన పెద్దలు అడుగుతున్నారన్నా, కోడిని కోయమన్నా ప్రభుత్వానికి పని లేదు. బతికున్న మనిషి పేరు చెప్పిందా, అప్పుడు కేసు. ఆమె మీదా, ఆ పేరు చెప్పమని అడిగినవాళ్ళ మీదా.